చదివేవాళ్ళని లెక్కపెట్టండి, పేర్లు మాత్రం రాయకండి



పోస్టు పెద్దదే. తీరిక దొరికినప్పుడు చదవండి, కానీ చివరిదాకా చదివాకే తిట్టండి. హాస్టల్లో ఒకే గదిలో ఉండే నలుగురం కలిసి రాస్తున్నాం. మా నలుగురి ఇళ్ళల్లోనూ మాకంటే ముందు కాలేజీకి వెళ్ళినవాళ్ళు లేరు. ఇది ముందే ఎందుకు చెప్తున్నామో కింద అర్థమవుతుంది.

పోయిన వారం సీనియర్ అన్నలు ఒక ప్రతిపాదన పెట్టారు. రీడింగ్ రూములో ఉన్న కంప్యూటర్‌లో ఎవరు ఏ ఫైలు ఎప్పుడు తెరిచారో పేరుతో సహా నమోదయ్యేలా చేద్దాం, వారానికోసారి ఆ లిస్టు గ్రూపులో పెడదాం అని. చాలామంది వెంటనే ఓకే అన్నారు. మేము అనలేదు. ఓకే అననప్పుడు ఎందుకు అనలేదో చెప్పాలి కదా. అదే ఈ పోస్టు.

ముందే ఒక మాట. అన్నల మీద మాకు కోపం లేదు. ఆ కంప్యూటర్ వాళ్ళు తలా కొంత వేసుకుని కొన్నది. లైనక్స్ వేసి, ఒక్కొక్కరికి వేరే లాగిన్ ఇచ్చి, పాత ప్రశ్నపత్రాలు, ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా పుస్తకాలు అందులో పెట్టింది వాళ్ళే. వాళ్ళు ఈ ప్రతిపాదన పెట్టడానికి కారణం కూడా న్యాయమైనదే.

గొడవ ఎక్కడ మొదలైందంటే

అది కంప్యూటర్‌లో కాదు, నోటుబుక్కులో జరిగింది. మాక్ టెస్టుకి జవాబుల కీ ఒక నోటుబుక్కులో రాసి ఉంది. సీనియర్ అన్న ఒకరు సాయంత్రం కూర్చుని ప్రతి జవాబూ సరిచూసి కింద సంతకం పెట్టారు. ఆ పేజీ చూసి ఇద్దరు తమ్ముళ్ళు తమ పుస్తకాల్లోకి ఎక్కించుకుంటున్నారు. మధ్యలో మాలో ఒకడు వచ్చి, ఒక జవాబు తప్పనుకుని పెన్నుతో కొట్టేసి వేరేది రాశాడు. ఒక తమ్ముడు అప్పటికే పాతది ఎక్కించుకున్నాడు. రెండోవాడు కొత్తది ఎక్కించుకున్నాడు. మర్నాడు ఇద్దరి జవాబులు కలవలేదు. ఇద్దరూ "అన్న సంతకం ఉంది" అనే అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు.

తప్పు ఎవరిది? చదివినవాళ్ళది కాదు. సరిచూసిన అన్నది కాదు. మార్చినవాడిది, అంటే మాదే. అయితే మార్చాలనుకోవడం కూడా తప్పు కాదు. అన్న సంతకం అయ్యాక, ఇద్దరు చదువుతుండగా, వాళ్ళకి చెప్పకుండా మార్చడం తప్పు. "ఇప్పుడు దీన్ని ఎవరైనా చదువుతున్నారా?" అని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది.

ఈ గొడవ తర్వాతే పేర్ల లిస్టు ఆలోచన వచ్చింది. తమాషా ఏంటంటే, ఈ సెమిస్టర్‌లో మేము ఆపరేటింగ్ సిస్టమ్స్ చదువుతున్నాం. సరిగ్గా ఇదే సమస్య లైనక్స్ కెర్నల్ రాసినవాళ్ళకీ వచ్చింది. వాళ్ళు దాన్ని ఇంకోలా పరిష్కరించుకున్నారు. వాళ్ళ దారి మన అన్నల దారి కంటే మంచిదని మా అభిప్రాయం.

కెర్నల్ ఏం లెక్కపెడుతుంది

డిస్కు, మెమరీ, కీబోర్డు, ఏది కావాలన్నా ప్రతి ప్రోగ్రామూ కెర్నల్‌నే అడగాలి. ఫైలు తెరవాలన్నా అంతే. ఇక్కడ ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఫైలు పేరు వేరు, ఫైలు వేరు. పేరు ఫోల్డర్‌లో ఉండే చీటీ లాంటిది. ఫైలు ఎంత పెద్దది, ఎవరిది, డిస్కు మీద ఎక్కడుంది అనే వివరాలన్నీ ఐనోడ్ అనే రికార్డులో ఉంటాయి.

ఇది మాకు పుస్తకంలో చదివితే ఎక్కలేదు, దెబ్బ తగిలితే ఎక్కింది. ఒకరోజు రీడింగ్ రూము కంప్యూటర్‌లో డిస్కు నిండిపోయింది. ప్రాజెక్టు రికార్డు సేవ్ అవ్వట్లేదు. ఎవరో పెట్టిన పెద్ద సినిమా ఫైలు కనిపిస్తే దాన్ని డిలీట్ చేశాం. ఫోల్డర్‌లో ఫైలు పోయింది గానీ డిస్కు మాత్రం నిండుగానే ఉంది. అరగంట తల బద్దలుకొట్టుకున్నాం. చివరికి ఒక అన్న అడ్మిన్ పాస్‌వర్డ్‌తో ఎల్ఎస్ఓఎఫ్ అనే కమాండ్ కొట్టి చూపించారు. ఇంకొకరి లాగిన్‌లో ఆ సినిమా పాజ్ చేసి అలాగే వదిలేసి ఉంది. మేము తీసేసింది పేరుని మాత్రమే. ఫైలుని ఇంకా ఒకరు పట్టుకుని ఉన్నారు. ఆ ప్లేయర్ మూసిన క్షణంలో జాగా తిరిగొచ్చింది.

అంటే, చదివేవాడు చేతిలో పట్టుకుని ఉన్నంతసేపు కెర్నల్ ఆ ఫైలుని లాక్కోదు. పేరు పోయినా సరే. చదివేవాడికి ఇచ్చిన మర్యాద అది. ఆ మర్యాద ఇవ్వాలంటే ఎవరైనా పట్టుకుని ఉన్నారా అన్న లెక్క ఉండాలి.

ఆ లెక్క రెండు చోట్ల ఉంటుంది. ఒక ప్రోగ్రాము ఫైలు తెరిచిన ప్రతిసారీ కెర్నల్ ఒక చిన్న రికార్డు తయారుచేస్తుంది. ఆ రికార్డుని ఎంతమంది వాడుతున్నారో దాంట్లోనే ఒక అంకె ఉంటుంది. ఒక ప్రోగ్రాము తన నుంచి ఇంకో ప్రోగ్రాముని పుట్టిస్తే ఇద్దరూ అదే రికార్డుని పంచుకుంటారు, అంకె పెరుగుతుంది. ఇది ఒకటి. రెండోది ఐనోడ్‌లోనే ఉంటుంది. అక్కడ రెండు అంకెలున్నాయి. రాయడానికి ఎన్నిసార్లు తెరిచి ఉంది అనేది ఐ-రైట్‌కౌంట్. కేవలం చదవడానికి ఎన్నిసార్లు తెరిచి ఉంది అనేది ఐ-రీడ్‌కౌంట్. చదవడానికీ రాయడానికీ కలిపి తెరిస్తే అది రాసేవాళ్ళ లెక్కలోకే వెళ్తుంది.

రాసేవాళ్ళ లెక్క ఎందుకో సులువుగానే అర్థమవుతుంది.  నడుస్తున్న ప్రోగ్రాము ఫైలు మీదే రాయబోతే "టెక్స్ట్ ఫైల్ బిజీ" అని అడ్డుపడటానికి ఈ లెక్కే వాడుకున్నారు. మరి చదివేవాళ్ళని ఎందుకు లెక్కపెట్టాలి? చదివేవాడు ఏం పాడుచేస్తాడు?

ఏమీ చెయ్యడు. పాడయ్యేది అతనికి.

సంతకం తర్వాత మారితే

2009లో వచ్చిన లైనక్స్ 2.6.30లో ఐఎంఏ అనే భాగం చేర్చారు. దాని పని మన అన్న చేసిన పనే. ఫైలు తెరిచేటప్పుడు దాంట్లో ఉన్నదంతా చదివి, దానికి ఒక వేలిముద్ర లాంటి సంఖ్య కట్టి, జాబితాలో రాసుకుంటుంది. ఈ మిషను మీద ఏ ఏ ఫైళ్ళు వాడారు, అవి అసలువేనా అని తర్వాత సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

దానికి వచ్చిన చిక్కు కూడా మన చిక్కే. కొలిచిన సమయం వేరు, వాడుకునే సమయం వేరు. ఒకరు చదవడానికి తెరిచినప్పుడు కొలిచారు. వాళ్ళు ఇంకా చదువుతుండగానే ఇంకొకరు రాయడానికి తెరిచారు. ఇప్పుడు జాబితాలో ఉన్న వేలిముద్రకి, చదివేవాడి కళ్ళముందు ఉన్నదానికి పొంతన ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు? దీన్ని కనిపెట్టాలంటే, రాయడానికి ఎవరైనా తెరిచిన క్షణంలో "ఇప్పుడు చదివేవాళ్ళు ఎంతమంది?" అన్నదానికి జవాబు సిద్ధంగా ఉండాలి. అందుకే చదివేవాళ్ళ లెక్క.

ఆ అంకె సున్నా కాకపోతే ఐఎంఏ ఏం చేస్తుంది? రాసేవాడి చెయ్యి పట్టుకోదు, రానిస్తుంది. కానీ ఈ ఫైలు కొలత ఇక నమ్మదగింది కాదు అని తన జాబితాలో గుర్తు పెడుతుంది. కెర్నల్ ఆడిట్‌లో ఒక వాక్యం కూడా పడుతుంది. ఆ వాక్యంలో ఏ ప్రోగ్రాము, ఏ యూజర్ అనేది ఉంటుంది. ఇక్కడ ఆగి ఆలోచించండి. అందులో ఉండేది అప్పుడు రాయడానికి తెరిచినవాళ్ళ వివరం. చదువుతున్నవాళ్ళ వివరం కాదు. చదివేవాళ్ళ విషయంలో ఆ తనిఖీకి కావలసింది ఒక్క అంకె మాత్రమే.

మా వాదన మొత్తం ఈ ఒక్క చోటే ఉంది. పేరు చెప్పాల్సింది మార్చినవాడు. చదివినవాడు కాదు.

లెక్కకి కూడా ఖర్చుంది

ఇంకో సంగతి. ఐఎంఏ మొదట్లో చదివేవాళ్ళ లెక్కని ఐనోడ్‌లో పెట్టలేదు. మెమరీలో ఉన్న ప్రతి ఐనోడ్‌కీ తనదైన ఒక వేరే రికార్డు కట్టుకుంది. అది సుమారు 120 బైట్లు. ఐఎంఏ వాడని మిషన్లలో కూడా, కెర్నల్‌లో అది చేర్చి ఉంటే చాలు, ఈ రికార్డులు తయారయ్యేవి. ఎందుకంటే రేపు ఎప్పుడైనా దాన్ని ఆన్ చేస్తే లెక్క మొదటి నుంచీ ఉండాలి కదా. పది లక్షల ఐనోడ్‌లు మెమరీలో ఉన్నాయనుకోండి, 12 కోట్ల బైట్లు అన్నమాట. వాడేది కొందరు, మోసేది అందరూ.

2010 అక్టోబరులో దీని మీద కెర్నల్ డెవలపర్ల మధ్య గట్టి చర్చే జరిగింది. ఆ రికార్డుల్ని పెట్టిన పద్ధతే ఈ పనికి నప్పదని డేవ్ చినర్ ఎత్తిచూపారు. ఎరిక్ పారిస్ వరసగా మార్పులు చేశారు. రాసేవాళ్ళ లెక్క కెర్నల్‌లో ముందునుంచీ ఉంది కదా, సొంత లెక్క తీసేసి దాన్నే వాడారు. చదివేవాళ్ళ లెక్కని ఐనోడ్‌లోకి ఒక్క చిన్న అంకెగా తెచ్చారు. పెద్ద రికార్డు నిజంగా అవసరం పడిన ఫైలుకే కట్టేలా చేశారు. ఇవన్నీ 2011 జనవరిలో వచ్చిన 2.6.37లో ఉన్నాయి. 120 బైట్లు మోసిన చోట ఇప్పుడు నాలుగు బైట్లు.

ఇందులో మాకు నచ్చింది ఇది. లెక్కే వద్దని వాళ్ళు అనలేదు. పెద్ద రిజిస్టరు అందరి మీదా రుద్దాలనీ అనలేదు. మన అవసరానికి కనీసం ఏం తెలియాలి అని అడిగి, అంతే ఉంచారు.

ఇంకో ఉదాహరణ. ప్రతి ఫైలుకీ "చివరిసారి ఎప్పుడు చదివారు" అనే సమయం కూడా ఉంటుంది. దాని మూలంగా ఫైలు చదివినప్పుడల్లా డిస్కు మీద రాయాల్సి వచ్చేది. చదవడం కూడా రాయడం అయిపోయింది. అదే 2.6.30 నుంచి మామూలుగా ఆ సమయాన్ని ప్రతిసారీ మార్చడం మానేశారు. చివరి మార్పు తర్వాత మొదటిసారి చదివితేనో, రోజు దాటితేనో మారుస్తారు. ఖర్చు చూసుకుని తగ్గించుకున్నారు.

విండోస్ దారి వేరు. ఎవరైనా తెరిచి ఉంచిన ఫైలుని డిలీట్ చెయ్యబోతే తరచుగా ఒప్పుకోదని మీకు తెలుసు. దాని కెర్నల్‌లో కూడా షేర్ యాక్సెస్ అని ఒక చిన్న రికార్డు ఉంది. ఎంతమంది తెరిచారు, అందులో చదివేవాళ్ళెంత, రాసేవాళ్ళెంత, తీసెయ్యాలనుకునేవాళ్ళెంత అని. మొత్తం ఏడు అంకెలు. పేరుకి గడి లేదు.

నిజం దాచకూడదు. లైనక్స్‌లో ఎవరు తెరిచారో అసలు తెలుసుకోలేం అని మేము అనట్లేదు. ఎల్ఎస్ఓఎఫ్ చేసింది అదే. నడుస్తున్న ప్రతి ప్రోగ్రాము దగ్గరకీ వెళ్ళి నీ చేతిలో ఏముంది అని చూస్తుంది. కానీ అది అవసరం పడినప్పుడు చేసే వెతుకులాట. మామూలు యూజర్‌కి తన ప్రోగ్రాముల చేతుల్లో ఉన్నవే కనిపిస్తాయి, ఇంకొకరివి చూడాలంటే అడ్మిన్ కావాలి. మూసేశాక ఆ ఆనవాలు కూడా ఉండదు. అన్నలు అడుగుతున్నట్టు పేర్లు శాశ్వతంగా రాసిపెట్టాలంటే ఆడిట్‌ని ప్రత్యేకంగా అమర్చాలి. అమర్చొచ్చు. అమర్చాలా వద్దా అన్నదే ప్రశ్న.

మాకెందుకు వద్దంటే

ఇప్పుడు మొదట్లో చెప్పిన మాటకి వస్తాం. మా ఇళ్ళల్లో మొదట చదువుకున్నది మేమే. డిగ్రీ మూడో సంవత్సరంలో ఉన్నాం. అయినా రాత్రి అందరూ పడుకున్నాక రీడింగ్ రూముకి వెళ్ళి మేము తెరిచే ఫైలు ఏంటో తెలుసా? ఆరో తరగతి ఇంగ్లీషు గ్రామర్. మాలో ఇంకొకరు ఏడో తరగతి లెక్కల పుస్తకం, భిన్నాల పాఠం. ఇంటర్ దాకా ఎలాగో వచ్చేశాం గానీ కింద మెట్లు కొన్ని లేవు. వాటిని ఇప్పుడు కట్టుకుంటున్నాం. ఈ సంగతి ఈ రోజు మేమే చెప్తున్నాం కాబట్టి సిగ్గు లేదు. కానీ వారానికోసారి గ్రూపులో లిస్టు వస్తుందని, అందులో మా పేరు పక్కన "ఆరో తరగతి గ్రామర్, రాత్రి 11.40" అని ఉంటుందని తెలిస్తే, పోయిన ఏడాది మేము ఆ ఫైలు తెరిచేవాళ్ళం కాదు. కచ్చితంగా చెప్తున్నాం. మొదటి సంవత్సరంలో ఉన్న చెల్లెళ్ళు, తమ్ముళ్ళు కూడా తెరవరు. గ్రూప్స్ పుస్తకం తెరిచి పెట్టుకుని దానివైపు చూస్తూ కూర్చుంటారు. లిస్టు బాగుంటుంది. చదువు ఉండదు.

ఇంకొకటి. మన ఊళ్ళల్లో ఎవరైనా కాగితం తీసి పేరు, ఊరు రాసుకోవడం మొదలుపెడితే మన పెద్దవాళ్ళు ఎలా ఒక అడుగు వెనక్కి వేస్తారో మీరందరూ చూసే ఉంటారు. పేరు రాసుకున్నాక ఏదో ఒకటి వస్తుందని వాళ్ళ అనుభవం. ఆ భయాన్ని మనం చదువుకునే గదిలోకి, మన చేతులతో మనమే తీసుకురావాలా?

"ఎవరు వెనకబడ్డారో తెలిస్తే సాయం చెయ్యొచ్చు కదా" అని ఒక అన్న రాశారు. మంచి మనసుతో రాశారు, మాకు తెలుసు. కానీ అన్నా, ఎవరు వెనకబడ్డారో తెలియాలంటే పక్కన కూర్చుని అడగండి. మాకు భిన్నాలు నేర్పిన అక్క అలాగే అడిగింది. లిస్టు చూసి రాలేదు. అంకెలు కూడా మీకు చాలా చెప్తాయి. ఆరో తరగతి గ్రామర్ ఈ నెలలో 40 సార్లు తెరిచారు అని తెలిస్తే చాలు, ఆదివారం గ్రామర్ క్లాసు పెట్టొచ్చు. ఆ 40 ఎవరివో తెలియక్కర్లేదు. ఎవరికి కావాలో వాళ్ళే వస్తారు.

మా ప్రతిపాదన

ఊరికే వద్దు అనడం సులువు. అందుకని మా తరఫున కొన్ని రాస్తున్నాం. నచ్చకపోతే మార్చండి.

ఒకటి. ప్రతి ఫైలుకీ ఎన్నిసార్లు తెరిచారన్న అంకె మాత్రమే పెడదాం. దానికి చిన్న స్క్రిప్టు మేము రాస్తాం. పేరు, సమయం అందులో ఉండవు. స్క్రిప్టు అందరికీ చూపిస్తాం, చదివి చూసుకోండి.

రెండు. ఫైలు మార్చేవాళ్ళ పేరు తప్పకుండా ఉండాలి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారు. దీనికి మేము మొదట సంతకం పెడతాం, ఎందుకంటే నోటుబుక్కులో మార్చింది మేమే.

మూడు. సరిచూసిన ఫైలు మీదే దిద్దొద్దు. కాపీ తీసి, దాంట్లో దిద్ది, అన్న సరిచూశాక పాత పేరు మీదికి ఆ కాపీని తెద్దాం. లైనక్స్‌లో ఇలా చేస్తే పాతదాన్ని తెరిచి ఉంచిన ప్రోగ్రాముకి అది మూసేదాకా పాతదే పూర్తిగా ఉంటుంది. కొత్తగా తెరిచినవాళ్ళకి కొత్తది పూర్తిగా వస్తుంది. సగం పాత సగం కొత్త ఎవరికీ రాదు. నోటుబుక్కులో అయితే కొట్టివేత వద్దు, కొత్త పేజీ, కొత్త సంతకం.

నాలుగు. ఎవరైనా పొరపాటున సరిచూసిన ఫైలుని నేరుగా మారిస్తే వాళ్ళని గ్రూపులో నిలబెట్టి కడగొద్దు. ఆ ఫైలు మీద "మళ్ళీ సరిచూడాలి" అని గుర్తు పెడదాం, అంతే. ఐఎంఏ చేసేది కూడా అదే కదా.

ఇంకో చిన్న మాట. "కెర్నల్ గిర్నల్ చదివితే ఉద్యోగం వస్తుందా" అని మొన్న ఒకరు నవ్వారు. ఉద్యోగం సంగతి మాకు ఇంకా తెలీదు. లైనక్స్ మొదలుపెట్టినప్పుడు 1991లో లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకునే 21 ఏళ్ళ కుర్రాడు. దాని సోర్సు చదవడానికి సీటు అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు, కుల ధ్రువీకరణ పత్రం అక్కర్లేదు. ఎవరు చదివారో అక్కడ లిస్టూ లేదు. మేము చదివింది పిసరంత. ఆ పిసరంతతోనే మన రీడింగ్ రూము గురించి ఒక అభిప్రాయం చెప్పే ధైర్యం వచ్చింది.

అన్నలూ, అక్కలూ, ఆదివారం మీటింగులో దీని మీద మాట్లాడదాం. మేము నలుగురం వస్తాం. ఆరో తరగతి గ్రామర్ పుస్తకం కూడా తెస్తాం. కావాల్సినవాళ్ళు పక్కన కూర్చోండి, పేరు అడగం.

జై ఆదివాసీ.